అత్తయ్య ఉండలూ, మా ల్యాబ్ బాంబూ

పెళ్లయి అత్తవారింట్లో అడుగుపెట్టిన మర్నాడే నా బరువెంతో ఇంటిల్లిపాదికీ తెలిసిపోయింది. అందులో నా తప్పేమీ లేదు. మా ఆయన కాటాలు బాగుచేసే మెకానిక్. బస్తాలు తూచే కాటాల దగ్గర్నుంచి మందుల షాపుల్లో చిటికెడు పొడి తూచే బుల్లి కాటాల దాకా, ఏది మొరాయించినా ఆయన్నే పిలుస్తారు. బాగుచేసినవాటిని అప్పగించేదాకా ఇంట్లోనే పెడతారు కాబట్టి మా నడవాలో అడుగు తీసి అడుగు వేస్తే ఏదో ఒక పళ్లెం మీద పడుతుంది. పొద్దున్నే కళ్లు నులుముకుంటూ స్నానాల గదికి వెళ్తుంటే కాళ్ల కింద ఏదో కిర్రుమంది. గోడవారన ఎర్ర అంకెలు వెలిగాయి. వంటింట్లోంచి అత్తయ్య తొంగిచూసి, "పర్లేదులే, బానే ఉన్నావు" అన్నారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఈయన మాత్రం తువ్వాలు భుజాన వేసుకుని వచ్చి, నా పక్కనే కాటా మీద ఇరుక్కుని నిలబడి, "ఇద్దరం కలిసి ఎంతో చూద్దాం" అన్నారు. ఆ అంకె నాకు ఇప్పటికీ గుర్తే. ఎవరికీ చెప్పను.

ఆ ఇంట్లో కాటాకి అసలు భయపడాల్సిన మనిషి మా మామయ్య.

మామయ్య టవర్ క్రేన్ ఆపరేటర్. కట్టే మేడలన్నిటికంటే ఎత్తున, ఒక చిన్న గాజుగదిలో ఒక్కరే కూర్చుని, ఉక్కు దూలాల్ని పూలసజ్జలు అందించినంత నెమ్మదిగా కిందివాళ్లకి అందిస్తారు. ఆ మధ్య కంపెనీ కొత్త నియమం పెట్టింది. పైన ఏదైనా ప్రమాదం జరిగితే ఆపరేటర్ని పట్టీలు కట్టి తాడుతో దించాలి. ఆ తాడూ పట్టీలూ వంద కిలోల వరకే భరోసా. మామయ్య నూట రెండు తూగారు. మూడు నెలలు గడువిచ్చారు. ఆలోగా వందకి దిగకపోతే క్రేను దిగి గోడౌన్‌లో కూర్చోవాలి.

"ముప్పయ్యేళ్లుగా పైన కూర్చున్నవాణ్ని తల్లీ," అన్నారు నాతో, నవ్వబోయి నవ్వలేక. "నేలమీద కూర్చోబెడితే నాకు కళ్లు తిరుగుతాయి."

మామయ్యకి ఉన్న వ్యసనం ఒక్కటే. సాయంత్రం పని దిగగానే సైటు గేటు పక్కనున్న బేకరీలో ఒక క్రీము కేకు ముక్క. నియమం వచ్చిన రోజే దానికి స్వస్తి చెప్పేశారు. రెండురోజులు ఆయన మొహం చూడలేక అత్తయ్య రంగంలోకి దిగారట. ఖర్జూరం, బాదం, జీడిపప్పు, ఎండుకొబ్బరి మెత్తగా రుబ్బి, తేనె కలిపి ఉండలు చుట్టారు. చక్కెర గింజ లేదు, మైదా పిసరు లేదు. నేను కాపురానికి వచ్చేసరికి ఆ ఉండల డబ్బా భోజనాల బల్ల మీద ఇంట్లో మనిషిలా స్థిరపడిపోయి ఉంది.

ఆ డబ్బాకి సర్టిఫికెట్ ఇచ్చింది మా ఆయనే. బేకరీ నుంచి ఒక కేకు ముక్క తెచ్చి, మందుల షాపు కాటా మీద పెట్టి తూచారట. నూట ఇరవై గ్రాములు. అత్తయ్య చేసిన ఉండ నలభై. "మూడోవంతే! మూడు ఉండలు తిన్నా ఒక కేకుతో సమానం, పైగా చక్కెర లేదు" అని తేల్చేశారు. ఆయన కాటా చెప్పాక ఆ ఇంట్లో ఇక అప్పీలు లేదు. మామయ్య టిఫిన్ డబ్బాలో మూడు, సాయంత్రం టీతో రెండు, భోజనం అయ్యాక నోరు తీపి చేసుకోడానికి ఇంకొన్ని. వాటిని ఎవరూ లెక్కపెట్టలేదు. ఆరోగ్యానికి మంచివి కదా!

నేనూ తిన్నాను. అబ్బ, ఎంత బావుంటాయో! పంటికింద బాదం పలుకు చిట్లి, వెనకనే ఖర్జూరం తీపి నెమ్మదిగా కరుగుతుంది. డాబా మీద ఇద్దరం ఒకే ఉండని చెరోవైపు కొరికి, పెద్ద సగం ఎవరిదని పోట్లాడుకున్న సాయంత్రాలు ఉన్నాయి. నా జాకెట్ల హుక్కులు ఒక్కొక్కటే మొరాయిస్తుంటే పక్కింటి పిన్నిగారు, "పెళ్లికళమ్మా, ఒళ్లు వచ్చింది" అన్నారు. నేను మురిసిపోయి నమ్మేశాను.

నెల గడిచాక ఒక ఆదివారం ఉదయం మామయ్య నడవాలో కాటా ఎక్కారు. నూట నాలుగు.

అత్తయ్య నడుమున చెంగు దోపుకుని వచ్చారు.

"నిజం చెప్పండి. బేకరీకి వెళ్తున్నారు కదూ?"

"ఒట్టు. ఆ వీధిలోంచి రావడమే మానేశాను. చుట్టు తిరిగి వస్తున్నాను."

"అంత చుట్టు తిరిగితే తగ్గాలిగా మరి?"

"నాకేం తెలుసే? కాటా తప్పేమో."

మా ఆయన బ్రష్ నోట్లో పెట్టుకునే పరుగెత్తుకొచ్చారు. "నాన్నా, నన్ను ఏమన్నా అను. కాటాని మాత్రం అనకు. నిన్ననే సరిచూశాను."

"కాటా తప్పు కాదు, మీ అమ్మ ఉండలు తప్పు కాదు. అంటే నేనే దొంగనన్నమాట."

"నేనా మాట అన్నానా?" అన్నారు అత్తయ్య.

"అనక్కర్లేదు. నీ మొహంలో కనిపిస్తోంది."

మామయ్య చెప్పులు వేసుకుని బయటికి వెళ్లిపోయారు. భోజనం వేళ దాటాక తిరిగొచ్చి, అత్తయ్య వడ్డించినదేదో తిని, ఉండల డబ్బా వైపు చూడకుండా లేచిపోయారు. క్రేను పోతుందన్న దిగులు కంటే ఇంట్లో తన మాట చెల్లలేదన్నదే ఆయన్ని ఎక్కువ కుంగదీసిందని నాకు అర్థమైంది. అబద్ధం చెప్పే మనిషి చెప్పుల చప్పుడు అంత నెమ్మదిగా ఉండదు. కొత్త కోడల్ని, నాకెందుకొచ్చిన గొడవ అని ఊరుకోవచ్చు. కానీ ఆయన నన్ను మొదటిరోజు నుంచీ తల్లీ అని పిలిచారు. ఊరుకోలేకపోయాను.

ఇక్కడ నా ఉద్యోగం గురించి చెప్పాలి. నేను కెమిస్ట్రీ చదివి, బొగ్గు పరీక్ష చేసే ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. గనుల నుంచి, కట్టెల డిపోల నుంచి, ఊకతో ఇటుకలు చేసేవాళ్ల దగ్గర్నుంచి నమూనాలు వస్తాయి. ఏది ఎంత వేడి ఇస్తుందో కొలిచి చెప్పడం మా పని. దానికి మా దగ్గర ఒక దళసరి ఉక్కు పాత్ర ఉంది. పేరు బాంబ్ కెలోరీమీటర్, మేం ముద్దుగా బాంబు అంటాం. నమూనాని ఎండబెట్టి, పొడిచేసి, మాత్రలా నొక్కి అందులో పెడతాం. మూత బిగించి, ఆక్సిజన్ నింపి, నీళ్లలో ముంచి మీట నొక్కితే లోపల భగ్గుమంటుంది. చుట్టూ ఉన్న నీళ్లు ఎంత వేడెక్కాయో చూస్తే నమూనాలో ఎన్ని కేలరీలున్నాయో తెలిసిపోతుంది. అవును, తిండిలో లెక్కపెట్టే కేలరీలూ ఇవే. వేడికి బొగ్గూ బాదంపప్పూ అన్న తేడా లేదు.

సోమవారం టీ వేళ అత్తయ్య కట్టిచ్చిన ఉండల పొట్లం విప్పాను. చుట్టిన కాగితం నూనె పీల్చుకుని అద్దంలా అయిపోయింది. దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే అవతల ఉన్న కిటికీ కనిపించింది. చక్కెర లేకపోతేనేం, ఇంత నూనె ఉందన్నమాట! ఉండ తినడం మానేసి ఆరబెట్టే పెట్టెలో పెట్టాను.

మర్నాడు అది బాంబులోకి వెళ్లింది. మీట నొక్కాను. తెరమీద ఉష్ణోగ్రత గీత నిలువుగా లేచింది. మా ల్యాబ్ పెద్దాయన వెనకనుంచి కళ్లజోడు సవరించుకుని చూశారు.

"ఏ గనిదమ్మా ఈ సరుకు? మొన్న వచ్చిన నాసి బొగ్గు కంటే ఎంతో నయంగా ఉందే!"

"గనిది కాదు సార్. మా అత్తయ్యగారిది."

సంగతంతా చెప్పేసరికి ఆయన నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నారు. "సాయంత్రం పని అయ్యాక ఎన్ని కావాలంటే అన్ని కాల్చుకో. నాకు మాత్రం కాల్చకముందు ఒకటి ఇవ్వు" అన్నారు.

ఆ సాయంత్రం బేకరీ కేకు కూడా తెచ్చి, ఆరబెట్టి, మర్నాడు కాల్చాను. తడి లెక్క తీసి, తినే బరువుకి సరిచేసి చూస్తే, గ్రాముకి గ్రాము కేకు కంటే ఉండలోనే కేలరీలు ఎక్కువ. మూడు ఉండలు కలిస్తే ఒక కేకు ముక్క కంటే దాదాపు మూడోవంతు ఎక్కువ! మనిషి పొట్ట ఉక్కు పాత్ర కాదు, గింజల్లో కొంత అరక్కుండానే పోతుంది. ఆ కాస్తా తీసేసినా ఉండలు కేకుకి తీసిపోలేదు. చక్కెర లేదన్నమాట నిజమే. కానీ ఖర్జూరంలో, తేనెలో ఉన్న తీపి కూడా చక్కెరే. ఇక గింజలూ కొబ్బరీ అంటే దాదాపు సగం నూనే. పాపం మామయ్య! రోజూ ఒక కేకు మానేసి, రెండుమూడు కేకులంత తింటూ, దొంగ అనిపించుకున్నారు.

ముందు మా ఆయనకి చెప్పాలి. డాబా మీద ఆరిన బట్టలు తీస్తున్నప్పుడు చెప్పాను. ఆయన చేతిలో దుప్పటి సగం మడతలో ఆగిపోయింది.

"అంటే నా కాటా తప్పంటావా?"

"కాటా బంగారం. ఏవండీ, కిలో బొగ్గు, కిలో మట్టి. మీ కాటాకి రెండూ ఒకటే కదా?"

"ఒకటే."

"పొయ్యికో?"

ఆయన దుప్పటి మొహం మీద కప్పేసుకున్నారు. లోపల్నుంచి, "నలభై గ్రాములే అని అమ్మకి చెప్పింది నేనేగా" అని వినిపించింది. నేను కూడా దుప్పట్లో దూరి ఓదార్చాను. ఓదార్పు కాస్త ఎక్కువసేపే పట్టింది. బయటికొచ్చాక అసలు సమస్య మిగిలింది.

"అమ్మకి ఎవరు చెప్తారు?" అన్నారు.

"కన్నకొడుకు మీరు."

"కొత్తకోడలివి నువ్వు. కొత్తవాళ్ల మీద గట్టిగా అరవరు. రెండేళ్లు పోతే ఈ అవకాశం ఉండదు."

సరే, భోజనాల దగ్గర నేనే చెప్పాను. నూనె కాగితం చూపించాను, బొగ్గు సంగతి చెప్పాను, లెక్క చెప్పాను. అత్తయ్య గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

"నా ఉండల్ని తీసుకెళ్లి బాంబులో పెట్టావా?"

"అత్తయ్యా, మామయ్య బేకరీకి వెళ్లలేదు. అది తెలియాలనే..."

అప్పటిదాకా తలవంచుకుని తింటున్న మామయ్య బల్ల మీద అరచేత్తో ఒక్కటిచ్చారు. మంచినీళ్ల గ్లాసు గెంతింది.

"విన్నావా? విన్నావా, ఏమేవ్? నేను దొంగని కాదు! సైన్సే చెప్పింది! నా కోడలు చెప్పింది! తల్లీ, ఇంకోసారి చెప్పు. ఆ బొగ్గు ముక్క దగ్గర్నుంచి చెప్పు."

నేను ఇంకోసారి చెప్పాను. ఆయన చిన్నపిల్లాడిలా మా అందరి మొహాలూ మార్చి మార్చి చూస్తూ విన్నారు. అత్తయ్య మాత్రం ఉండల డబ్బాకి మూతపెట్టి వంటింట్లోకి తీసుకుపోయారు. తలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండానే, "నిన్ను అనుమానించాను. తప్పే" అన్నారు. ఆవిడ ఆయన్ని నువ్వు అనడం నేను వినడం అదే మొదలు. మామయ్య కళ్లు తళతళలాడాయి. మా ఆయన నా కాలు తొక్కి, వేరే వైపు చూడమన్నట్టు సైగ చేశారు.

ఆ రాత్రంతా నాకు ఒకటే గుబులు. కాపురానికొచ్చిన రెండో నెలలోనే అత్తగారి వంటకి వంక పెట్టినదాన్ని నేనే అయ్యుంటాను. పొద్దున్నే బిక్కుబిక్కుమంటూ వంటింట్లోకి వెళ్తే, అత్తయ్య నా చేతిలో ఒక స్టీలు గిన్నె పెట్టారు.

"ఇదీ కాల్చు."

అరటిపండు, ఓట్స్, తేనెతో చేసిన కేకు. కాల్చాను. బేకరీ కేకుకి అటూ ఇటూగా వచ్చింది. సాయంత్రం ఆ మాట చెబితే, "ఊహూఁ" అని మూలిగి, మర్నాడు పల్లీల ముద్దతో చేసిన బిళ్లలు ఇచ్చారు. అవి మంచి బొగ్గుని కూడా దాటేశాయి. "ఛీ పాడు" అన్నారు అత్తయ్య, వాటిని ఏదో చుట్టరికం తెంచుకున్నట్టు చూస్తూ. ఆ తర్వాత నుంచి ఆవిడకి పట్టుదల పెరిగిపోయింది. నేను గుమ్మంలో చెప్పులు విప్పకముందే, "ఎంతొచ్చింది?" పరీక్ష ఫలితాల కోసం నేను కూడా ఎప్పుడూ అలా కాచుకోలేదు. నిజం చెప్పొద్దూ, నాకు ఆ రోజులు పండగలా ఉండేవి.

"ఇంతకీ నీ బాంబుకి ఏది గిట్టదు?" అని అడిగారు ఒకరోజు, కూరగాయలు తరుగుతూ.

"నీళ్లు, అత్తయ్యా. నీళ్లకి బరువు ఉంటుంది గానీ మంట ఉండదు."

కత్తిపీట ఆగింది. "ఓస్, అంతేనా! ఆ ముక్క మొదటే చెప్పొద్దూ?"

మర్నాడు నా చేతికి వచ్చిన గిన్నె బరువుగా ఉంది. ఆపిల్ పండ్లు చెక్కులు తీయకుండా చక్రాల్లా తరిగి, దాల్చినచెక్క పొడి జల్లి, మూతపెట్టి సన్నటి సెగ మీద వాటి నీళ్లలోనే మగ్గబెట్టారు. పైన గుడ్డలో వడకట్టిన, వెన్న తీసిన పెరుగు గరిటెడు. తేనె లేదు, గింజ లేదు. ఒక్క చెంచా రుచి చూశాను. మగ్గిన ఆపిల్ తీపి నాలుక మీద వెచ్చగా పరుచుకుంటే, పెరుగు దాన్ని చల్లగా సర్దింది. కళ్లు మూసుకుపోయాయి.

ల్యాబ్‌లో ఆరబెట్టే పెట్టె ఆరోజు బొగ్గు నమూనాలతో నిండిపోయింది. ఆత్రం ఆపుకోలేక తడిదే చిటికెడు తీసి బాంబులో పెట్టాను. మీట నొక్కాను. తెరమీద గీత కదల్లేదు. మళ్లీ నొక్కాను. ఊహూఁ. మూత విప్పి చూస్తే, నిప్పంటించే తీగ కాలి తెగిపోయి ఉంది, ఆపిల్ ముక్క మాత్రం కొంచెం వెచ్చబడి అలాగే కూర్చుని ఉంది. వెంటనే ఇంటికి ఫోన్ చేశాను.

"అత్తయ్యా! మీ గిన్నె అంటుకోలేదు!"

"ఆఁ? ఏమైంది? పాడైందా?"

"పాడవడమేంటి, అసలు మండనే లేదు! బాంబు ఓడిపోయింది!"

ఆవిడ ఫోన్ పట్టుకునే కిటికీలోంచి పక్కింటి పిన్నిగారికి కేకేసి చెప్పడం నాకు స్పష్టంగా వినిపించింది. "ఏమమ్మోయ్, నా వంటకి బాంబు కూడా పేల్లేదట!" పిన్నిగారు దాన్ని ఎలా అర్థం చేసుకున్నారో దేవుడికే తెలియాలి.

ఆ తర్వాత పద్ధతిగా ఆరబెట్టి కొలిచాను. నిండు గిన్నెడు తిన్నా ఒక్క ఉండలో ఉన్నన్ని కేలరీలు లేవు. మా ఆయన ఆ గిన్నెని మందుల షాపు కాటా మీద పెట్టి, దించి, మళ్లీ పెట్టి, "ఉండకి అయిదింతలు తూగుతోంది, కేలరీలేమో తక్కువ. నా వృత్తికే అవమానం" అని రెండు గిన్నెలు లాగించారు. ఉండలూ ఇంట్లోంచి పోలేదు. ఆదివారం మనిషికి ఒకటి, అదీ అత్తయ్య చేత్తో పెడితేనే. తక్కిన వంట అలాగే ఉంది, మామయ్య బేకరీ వీధి తప్పించుకుని చుట్టు తిరిగి రావడం కూడా మానలేదు. నూట మూడు, నూట ఒకటి, వంద దగ్గర కొన్నాళ్లు మొండికేసి, తర్వాత ఇంకొంచెం. గడువు దగ్గరపడేసరికి ఇంట్లో కాటా తొంభై తొమ్మిదికి కాస్త కింద చూపించింది.

తూకం రోజు ముగ్గురం సైటు గేటు దగ్గరికి వెళ్లాం. లోపల కంకర మీద ఒక కాటా వేసి ఉంది. సేఫ్టీ ఆఫీసరు అట్ట పట్టుకుని నిలబడ్డారు. మామయ్య బూట్లు విప్పి కాటా ఎక్కబోతున్నారు. అప్పుడు మా ఆయన గేటు ఊచలు పట్టుకుని అరిచారు.

"సార్! ఆగండి సార్! కాటా వాలుగా ఉంది!"

"అయితే ఏమైందండీ?"

"వాలుగా ఉంటే తక్కువ చూపిస్తుంది సార్. సమంగా పెట్టి తూచండి."

అత్తయ్య ఆయన చెయ్యి కండ ఊడేట్టు గిల్లారు. "ఒరేయ్, తక్కువ చూపిస్తే నీకేంట్రా నొప్పి? నీ తండ్రే కదరా!"

"అమ్మా, తప్పు తూకాన్ని చూస్తూ నేను ఊరుకోలేను."

"ఇంటికి రా, నీ సంగతి చెప్తా."

నాకు ఆయన మీద కోపమూ వచ్చింది, ఇంకొంచెం ప్రేమా వచ్చింది. మామయ్య మాత్రం కొడుకు వైపు చూసి తలాడించి, తనే వంగి కాటా ఎత్తి, చదునైన సిమెంటు గచ్చు మీద పెట్టించారు. తర్వాత చొక్కా జేబులోని తాళంచెవులు కూడా తీయకుండా, ఛాతీ విరుచుకుని ఎక్కారు.

ఆఫీసరు వంగి చూశారు. మళ్లీ చూశారు. "తొంభై ఎనిమిదిన్నర."

అత్తయ్య గేటు దగ్గర నిలబడిన వాచ్‌మన్ని కావలించుకున్నంత పని చేశారు. మా ఆయన నన్ను పైకెత్తి గిర్రున తిప్పారు, వీధి మొత్తం చూస్తుండగా! మామయ్య హెల్మెట్ పెట్టుకుని, పట్టీలు బిగించుకుని, ఇటు చెయ్యి ఊపి నిచ్చెన ఎక్కడం మొదలుపెట్టారు. ఎక్కుతూ ఎక్కుతూ చిన్నవాడై, చీమంత అయి, గాజుగదిలోకి దూరారు. కాసేపటికి పైనుంచి హారన్ మోగింది. పొడుగ్గా, కిందున్న పనివాళ్లందరూ తలెత్తేంత పొడుగ్గా. క్రేను చెయ్యి ఆకాశం మీద నెమ్మదిగా తిరిగి, ఒక దూలాన్ని నేలమీంచి ఎత్తింది.

అత్తయ్య నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని తదేకంగా పైకే చూస్తున్నారు. కళ్లనిండా నీళ్లు, మొహంనిండా నవ్వు.

"చూశావటే అమ్మాయ్," అన్నారు నా భుజం కుదుపుతూ. "ఇక్కణ్ణుంచి చూస్తే ఎంత సన్నగా ఉన్నారో!"